కాటన్ దొర సైనికుడా, ఇంజనీరా? ఆనకట్ట కట్టాక నలభై ఏడేళ్లు ఏం చేశారు?

మీరు మూడు సంగతులు అడిగారు. కాటన్ ఇంజనీరు కదా, మా ఊరి సెంటర్లో విగ్రహం గుర్రం మీద మిలటరీ దుస్తుల్లో ఎందుకుంది అన్నది ఒకటి. ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద ఆయన కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది, ఆయన పోయింది 1899లో, మధ్యలో ఏం చేశారన్నది రెండోది. పెళ్లాం పిల్లలు, అన్నదమ్ముల గురించి ఎవరూ చెప్పరేం అన్నది మూడోది. నేను ఇరిగేషన్ శాఖలో ఎక్కువ కాలం గోదావరి డెల్టాలోనే, అందులోనూ ధవళేశ్వరం హెడ్‌వర్క్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. పాత రిపోర్టులు మొదట్లో ఉద్యోగం కోసం చదివాను, తర్వాత ఇష్టంతో చదివాను. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

సైనికుడా ఇంజనీరా అంటే, సైనికుడే. జీతం తీసుకున్నది సైన్యంలో, ప్రమోషన్లు వచ్చింది సైన్యంలో, చివరికి జనరల్ హోదాకు చేరిందీ అక్కడే. ఆ రోజుల్లో ఈస్టిండియా కంపెనీకి మనం ఇప్పుడు అనుకునే పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్ లేదు. గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలంలో, 1850ల నడుమ గానీ అది ఒక శాఖగా రూపం కట్టలేదు. అంతకు ముందు రోడ్డు వేయాలన్నా, చెరువు గట్టు తెగితే పూడ్చాలన్నా, కోట గోడ కట్టాలన్నా మద్రాస్ ఇంజనీర్స్ అనే సైనిక దళంలోని ఆఫీసర్లే దిక్కు. యుద్ధం వస్తే వాళ్లే ఫిరంగుల వెనక నడవాలి. యుద్ధం అయిపోతే మళ్లీ చెరువుల దగ్గరికి రావాలి. మీ ఊరి విగ్రహం చెక్కిన శిల్పి తప్పేమీ చేయలేదు.

ఆర్థర్ థామస్ కాటన్ పుట్టింది 1803 మే 15న, ఇంగ్లండ్‌లో. పదకొండు మంది అన్నదమ్ముల్లో పదోవాడు. పదిహేనేళ్లకే ఆడిస్కోంబ్‌లోని కంపెనీ సైనిక పాఠశాలలో చేరారు, 1819లో మద్రాస్ ఇంజనీర్స్‌లో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యారు. కొన్నాళ్లు వేల్స్‌లో సర్వే పని నేర్చుకుని 1821లో మద్రాసులో దిగారు. అప్పటికి పద్దెనిమిదేళ్లు. 1824లో మొదటి బర్మా యుద్ధం మొదలైతే అక్కడికి పంపారు. రంగూన్ చుట్టుపక్కల బర్మా సైన్యం దుంగలతో కట్టిన కంచె కోటల మీద దాడుల్లో ముందు వరుసలో ఉన్నారు. యుద్ధం 1826లో ముగిసింది. ఆయన యుద్ధం చూడటం దాదాపు అంతటితో సరి, మిగతా డెబ్భై మూడేళ్లూ నీళ్ల గోలే.

ఇక్కడ మన వాళ్లు వదిలేసే భాగం ఒకటుంది. నా లెక్కలో అదే అసలైంది. 1828లో ఆయన్ని కావేరి మీద పరిశోధనకు వేశారు. తంజావూరు డెల్టాలో అప్పుడొక చిక్కు నడుస్తోంది. శ్రీరంగం దగ్గర కావేరి రెండుగా చీలుతుంది, దక్షిణాన కావేరి, ఉత్తరాన కొల్లడం. కొల్లడం పల్లంగా ఉండటంతో నీరంతా అటే పోయి, తంజావూరు వైపు పాయ ఇసుకతో పూడిపోతోంది. శతాబ్దాల కింద చోళులు కట్టిన కల్లనై అక్కడే ఉంది. ఆ పాత కట్టడం ఎలా నిలిచిందో యువ కెప్టెన్ కాటన్ దగ్గరుండి చూశారు. లోతెంతో తెలియని ఇసుక. గట్టి నేల తగిలే దాకా తవ్వుదామంటే అయ్యే పని కాదు. పాతవాళ్లు తవ్వలేదు, పెద్ద పెద్ద బండలు ఇసుకలో వేసుకుంటూ పోయారు. నీటి కోతకు బండ కుంగుతుంది. దాని మీద ఇంకొకటి వేస్తారు, అదీ కుంగుతుంది. ఇక కుంగనని మొరాయించేదాకా వేసి, ఆ మొరాయించిన పొర మీద కట్టడం లేపారు. ఇసుకలో పునాది ఎలా నిలబెట్టాలో మేం నేర్చుకున్నది ఈ దేశపు పాత కట్టడాల నుంచేనని కాటన్ తర్వాత రోజుల్లో బాహాటంగా రాశారు. ఈ ఒక్క మాట కోసమైనా ఆయన్ని గౌరవించవచ్చని నేను అనుకుంటాను. ఆ కాలంలో ఒక ఇంగ్లీషు ఆఫీసరు అలా ఒప్పుకోవడం తేలిక కాదు.

ఆ పాఠంతోనే 1834–36 మధ్య కొల్లడం మీద ఎగువ ఆనకట్ట, దిగువ ఆనకట్ట కట్టారు. తంజావూరు నిలబడింది. దాంతో పాటు ఇంకో పనీ చేశారు. 1837లో మద్రాసు దగ్గర రెడ్‌హిల్స్ నుంచి రాయి తోలడానికి వేసిన చిన్న రైలు మార్గం ఆయన చేతి మీదుగా వచ్చిందే. ఇండియాలో తొలి రైలు మార్గమని దాన్నే చెబుతారు. తర్వాత రైళ్ల మీద ఆయన చేసిన పోట్లాట చూస్తే ఇది గుర్తుంచుకోవాలి, రైలంటే తెలియక తిట్టిన మనిషి కాదు.

ఈ తిరుగుళ్లలో ఆరోగ్యం దెబ్బతింది. సెలవు పెట్టి ఆస్ట్రేలియా దిక్కున ఉన్న టాస్మేనియా వెళ్లారు. అక్కడే 1841లో, ముప్పై ఎనిమిదో ఏట, ఎలిజబెత్ లియర్‌మంత్‌ను పెళ్లాడారు. ఆమె పుట్టిల్లు కలకత్తాలో బతికి టాస్మేనియా చేరిన కుటుంబం. మొదటి కూతురు ఎలిజబెత్ 1842 డిసెంబరులో అక్కడే పుట్టింది. ఈ అమ్మాయి కథ చివర్లో చెబుతాను, మీరు ఊహించనిది ఒకటుంది.

తిరిగొచ్చాక విశాఖపట్నంలో వేశారు. సముద్రం ఒడ్డును కోసేస్తుంటే అడ్డంగా రాతి కట్టలు వేయించి ఆపారు, ఒక చర్చి కట్టించారు. ఆ సమయంలోనే గోదావరి జిల్లా సంగతి ఆయన దాకా వచ్చింది.

జిల్లా అప్పుడు ఏ స్థితిలో ఉందో ఒక్క లెక్క చెబుతుంది. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా 7.38 లక్షలు. 1841 నాటికి 5.61 లక్షలు. ఇరవై ఏళ్లలో నాలుగోవంతు జనం లేరు. 1832–33 నందన కరువు, 1839లో కోరంగిని ఊడ్చేసిన ఉప్పెన, ఇవి కాక నది వరదై పొంగి ముంచే సంవత్సరాలు, నది ఒట్టిపోయి ఎండగట్టే సంవత్సరాలు. చచ్చినవాళ్లు చావగా మిగిలినవాళ్లు వలస పోయారు. శిస్తు వసూలు పడిపోయింది. కంపెనీ కదిలింది జాలితో కాదు, ఖజానాకు గండి పడిందని. ఇది దాచుకోవలసిన విషయం కాదు. పరిస్థితి చూసి రమ్మని పంపిన సర్ హెన్రీ మాంట్‌గోమరీ, కావేరి దగ్గర పనిచేసిన కాటన్‌ను అడగమని 1844లో సిఫారసు చేశారు.

కాటన్ డెల్టా అంతా తిరిగారు. ఆయన పట్టుకున్న సూత్రం సివిల్ ఇంజనీరింగ్ చదివే పిల్లలకు నేను తప్పకుండా చెప్పేవాణ్ణి. మామూలుగా నది పల్లంలో ఉంటుంది, పొలం మెరకలో ఉంటుంది. డెల్టాలో తిరగేసి ఉంటుంది. ఏటా వరదలో వచ్చే ఒండ్రు ముందుగా గట్ల దగ్గరే దిగిపోతుంది కాబట్టి నది ఒడ్డు ఎత్తుగా, అక్కడి నుంచి దూరం పోయేకొద్దీ నేల పల్లంగా ఉంటుంది. సముద్రం వైపు మైలుకు సుమారు ఒక అడుగు చొప్పున వాలు. అంటే డెల్టా తల దగ్గర నీటి మట్టం కొద్దిగా లేపితే చాలు, మెరక వీపు మీద కాలువ తీసి రెండు పక్కలా పొలాలకు దించుకుంటూ సముద్రం దాకా పోవచ్చు. అందుకే ధవళేశ్వరం ఆనకట్ట ఎత్తు పన్నెండు అడుగులే. ఎత్తయిన డ్యాములు చూసి వచ్చినవాళ్లు ఇంతేనా అంటారు. ఆ నేలకు అంతకంటే అక్కర్లేదు.

చోటు ఎంచుకోవడంలోనూ ఆ చూపే కనబడుతుంది. ధవళేశ్వరం దగ్గర నది చాలా వెడల్పు, లోతు తక్కువ, మధ్యలో లంకలున్నాయి. పక్కనే రాయి కొట్టుకోవడానికి కొండ. లంకల్ని కలుపుకుంటూ నాలుగు ముక్కలుగా కట్టారు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. రాతికట్టు మొత్తం పొడవు దాదాపు 12 వేల అడుగులు. తూర్పు డెల్టాకు, మధ్య డెల్టాకు, పశ్చిమ డెల్టాకు మూడు హెడ్ స్లూయిస్‌లు, అంటే కాలువలోకి నీరు వదిలే తూములు, పడవలు దాటడానికి లాకులు. అంచనా వేసింది సుమారు 4.75 లక్షల రూపాయలు. లండన్‌లో కంపెనీ డైరెక్టర్లు 1846 చివర్లో మంజూరు చేశారు, 1847లో పని మొదలైంది. ఖర్చు అంచనా దాటిపోయింది, ఆ మాట దాచడం ఎందుకు.

పునాది సంగతి కాస్త దగ్గరగా చూడండి. నది ఇసుక మీద ఇటుకతో గుండ్రంగా బావి ఒర కడతారు. మనిషి లోపలికి దిగి ఇసుక తోడుతుంటే ఒర తన బరువుకు తానే కుంగుతుంది. పైన ఇంకో వరస కడతారు, మళ్లీ తోడుతారు. కావలసిన లోతుకు చేరాక లోపల రాయీ సున్నమూ దట్టిస్తారు. ఇలా వరసగా బావులు దించి వాటి మీద రాతికట్టు లేపారు. బావులు దించే పని మన ఊళ్లలో నుయ్యి తవ్వేవాళ్లకు తరతరాలుగా తెలిసిందే. కట్టు కింది వైపు నీరు దూకే చోట ఇసుక కోసుకుపోతుంది, నిజమైన ప్రమాదం అక్కడే. అక్కడ సున్నం లేకుండా పెద్ద బండల్ని వెడల్పుగా పరిచారు. వరద కోసిన చోట బండలు జారి ఆ గుంటలో కూర్చుంటాయి, వరద తీశాక పైన కొత్త బండలు వేస్తారు. కల్లనైలో చూసిన పాఠమే ఇది. మా రోజుల్లో కూడా వరద తగ్గగానే మొదట చేసే పని ఏప్రన్, అంటే ఈ బండల పరుపు, ఎక్కడ దిగిందో నీటి లోతు కొలిచి చూసుకోవడమే. నూటపాతికేళ్లకు పైగా ఆ కట్టు నిలబడిందంటే కట్టినవాడి తెలివి సగం, ప్రతి ఏడూ రాయి వేసిన లస్కర్ల (కాలువలు, లాకులు చూసుకునే కింది సిబ్బంది), మేస్త్రీల కష్టం సగం.

కాటన్ ఒక్కరే కట్టలేదు. అడిగినంత మంది ఆఫీసర్లను ఇవ్వలేదు, చేతికి అందిన కుర్రవాళ్లకు పని నేర్పుకుంటూ నడిపారు. 1848లో వడదెబ్బ తగిలి మనిషి పడిపోతే సెలవు మీద ఆస్ట్రేలియా వెళ్లవలసి వచ్చింది. రెండేళ్లు ఆయన ఇక్కడ లేరు. అప్పుడు పని మోసింది కెప్టెన్ ఛార్లెస్ ఓర్. ఇదే ఓర్ తర్వాత బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్టను 1852–55 మధ్య కట్టించారు. కోనసీమకు నీళ్లిచ్చే పి.గన్నవరం పాత అక్విడక్టు, 49 ఖానాలది (కమానులది), లెఫ్టినెంట్ హేగ్ అనే కుర్ర ఇంజనీరు పని. గోదావరి పాయ మీదుగా కాలువ దాటించే అంత పెద్ద కట్టడాన్ని ఒక్క పని సీజన్లో లేపాడు. ఇప్పుడు పక్కన కొత్తది వచ్చింది, దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు.

వీణెం వీరన్న గారి పేరు మాత్రం ఎవరూ మరిచిపోకూడదు. కూలీలను సమకూర్చడం, వాళ్లను నిలబెట్టడం, పని చేయించడం ఆయన బాధ్యత. దూర దూరాల నుంచి వచ్చిన వేలమందికి తిండి, బస, కూలి లెక్క, జబ్బు జాడ్యం అన్నీ చూడాలి. వీరన్న లేకపోతే ఈ పని ఇలా పూర్తయ్యేది కాదని కాటన్ పైకి రాశారు. ప్రభుత్వం ఆయనకు రాయబహదూర్ బిరుదు, మెరిచర్ల గ్రామం ఇచ్చింది. డెల్టాలో కాటన్ విగ్రహాలు ఊరికొకటి ఉన్నాయి, వీరన్న విగ్రహం వెతుక్కోవాలి. ఇది నాకు బాధ కలిగించే విషయం. ఇక బావుల్లోకి దిగి ఇసుక తోడిన కూలీల పేర్లు ఏ రిపోర్టులోనూ లేవు.

1852లో ఆనకట్ట పూర్తయింది. కాటన్‌కు నలభై తొమ్మిదేళ్లు. ఇప్పుడు మీ రెండో ప్రశ్న.

ముందుగా మద్రాసు చీఫ్ ఇంజనీరు అయ్యారు. 1860లో సర్వీసు నుంచి తప్పుకున్నారు, 1861లో సర్ బిరుదు వచ్చింది. ఇంగ్లండ్ వెళ్లి పింఛను తింటూ కూర్చోవచ్చు. కూర్చోలేదు. గోదావరిలో వచ్చిన ఫలితాన్ని చూశాక దేశంలోని నదులన్నిటినీ కాలువలతో కలిపి, పంటకూ పడవకూ వాడాలని ఒక పెద్ద పథకం ఆయన తలకెక్కింది. కరాచీ నుంచి కలకత్తా దాకా, అక్కడి నుంచి మద్రాసు మీదుగా పడమటి తీరం దాకా జలమార్గాలు. కె.ఎల్. రావు గారు 1972లో గంగా–కావేరి అనుసంధానం ప్రతిపాదించినప్పుడు పెద్దవాళ్లంతా కాటన్‌ను తలచుకున్నది ఇందుకే.

ఈ పథకంలో కొన్ని ముక్కలు మొదలయ్యాయి, దాదాపు అన్నీ దెబ్బతిన్నాయి. మనవాళ్లు కాటన్ మీద రాసేటప్పుడు ఈ భాగం దాటేస్తారు. అలా దాటేయడం ఆయనకు గౌరవం కాదని నా ఉద్దేశం.

మొదటిది కర్నూలు–కడప కాలువ. తుంగభద్ర మీద సుంకేశుల దగ్గర కట్టు కట్టి కడప దాకా తీసుకుపోవాలి. ఇందుకు మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అని ఒక ప్రైవేటు కంపెనీ పెట్టారు, పది లక్షల పౌండ్ల పెట్టుబడికి ప్రభుత్వం అయిదు శాతం వడ్డీ హామీ ఇచ్చింది. 1863లో తవ్వకం మొదలైంది. ఖర్చు లెక్క దాటింది. అసలు దెబ్బ మాత్రం రైతు దగ్గర తగిలింది. నల్లరేగడి నేలలో జొన్న, పత్తి వేసుకునే రాయలసీమ రైతుకు ఆ నీటితో అప్పట్లో పని పడలేదు, నీటి తీరువా కట్టి తీసుకోవడానికి ముందుకు రాలేదు. ఒండ్రు డెల్టాలో పనిచేసిన లెక్క రేగడిలో పనిచేయలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. అదే కేసీ కెనాల్ ఈనాడు 2.65 లక్షల ఎకరాల ఆయకట్టుతో కర్నూలు, నంద్యాల, కడప రైతులకు ప్రాణం. ఆ నీటి వాటా కోసం ఇప్పటికీ గొడవలు పడుతున్నాం. అంటే కాలువ గీత సరైనదే, కాలం సరైంది కాదు.

రెండోది ఒరిస్సా. 1858లో మహానది డెల్టా చూసి గోదావరి పద్ధతిలోనే చేయవచ్చని చెప్పారు. అక్కడా ఒక ప్రైవేటు కంపెనీ దిగింది, అక్కడా చేతులెత్తేసింది, ప్రభుత్వం తీసుకుని కొనసాగించింది.

మూడోది తెలంగాణ వాళ్లకు తెలియవలసింది. గోదావరిని ధవళేశ్వరం పైన భద్రాచలం మీదుగా వార్ధా దాకా పడవలు నడిచేలా చేయాలని ఎగువ గోదావరి పథకం. నాగపూరు, బేరారు పత్తి నేరుగా కాకినాడ రేవుకు రావాలన్నది ఆలోచన. నదిలో రాతి అడ్డంకులు మూడు చోట్ల ఉన్నాయి. మొదటిదాన్ని దాటించడానికి దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులతో పక్క కాలువ కట్టారు. హేగ్‌దే ఆ బాధ్యత. మన్యం జ్వరాలు మనుషుల్ని ఊడ్చేశాయి, ఖర్చు పెరిగింది, ఈలోగా పత్తి రైలెక్కి బొంబాయి పోవడం మొదలైంది. 1871లో పథకం ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం అక్కడే ఉంది, కాటన్ ఆనకట్ట అనే అంటారు. ఇప్పుడు సీతమ్మ సాగర్ బ్యారేజీ కడుతున్నదీ దాని పక్కనే.

ఈ దెబ్బలన్నిటి వెనక ఒకటే పోట్లాట నడిచింది: రైలా, కాలువా? లండన్‌లో డబ్బున్నవాళ్లంతా హామీ వడ్డీతో రైల్వేల్లో పెట్టుబడి పెట్టారు. రైలు సరుకు మోస్తుందే గానీ గింజ పండించదు, కాలువ రెండూ చేస్తుంది, మోత ఖర్చు కూడా చాలా తక్కువ అని కాటన్ వాదన. పడవ రవాణా సంగతిలో మన డెల్టాయే ఆయనకు సాక్ష్యం. కాకినాడ నుంచి ఏలూరు, బెజవాడ మీదుగా కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ పట్టుకుని మద్రాసు దాకా బియ్యం పడవల్లో పోయిన కాలం మా నాన్నగారి తరానికి కూడా తెలుసు.

1876లో ధాత కరువు వచ్చింది. మద్రాసు రాజ్యం, మైసూరు, హైదరాబాదు ప్రాంతాల్లో లక్షల మంది చచ్చిపోయారు. రైళ్లున్నాయి, అయినా చచ్చారు. గోదావరి డెల్టా మాత్రం నిలబడి పక్క జిల్లాలకు ధాన్యం పంపింది. డెబ్భై దాటిన కాటన్ ఈ కరువు మీద పుస్తకాలు అచ్చు వేయించి పంచారు, ఊరూరా ప్రసంగాలు చేశారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ ఆయన పక్షాన నిలబడి నీటిపారుదల కోసం రాసింది. 1878లో పార్లమెంటు సెలెక్ట్ కమిటీ ముందు కూర్చోబెట్టి ఆయన్ని వందల ప్రశ్నలు అడిగారు. కమిటీలో ఎక్కువ మంది ఆయన మాట వినడానికి వచ్చినవాళ్లు కాదు, కేసీ కెనాల్ నష్టం, ఒరిస్సా నష్టం చూపించి మాట పడగొట్టాలని వచ్చినవాళ్లు. డెబ్భై అయిదేళ్ల మనిషి కూర్చుని జవాబు చెప్పారు. కమిటీ ఆయన వైపు తీర్పు ఇవ్వలేదు.

నా అభిప్రాయం అడిగితే, పడవల విషయంలో కాటన్ ఎక్కువ ఆశ పెట్టుకున్నారు, కాలం రైలు వైపు తిరిగింది. కరువు విషయంలో మాత్రం ఆయన అన్నదే నిజమైంది. ఇంకో లోటు కూడా చెప్పాలి. డెల్టాకు నీరు తీసుకురావడం మీద పెట్టిన శ్రద్ధ, ఎక్కువైన నీరు బయటికి పోవడం మీద పెట్టలేదు. డ్రెయిన్లు వెనకబడ్డాయి. ఆ తిప్పలు ఒక శతాబ్దం తర్వాత కూడా తీరక, 1964 వరదల తర్వాత ఈ మురుగునీటి సమస్య మీద మిత్రా కమిటీని వేయవలసి వచ్చింది. ఇప్పటికీ నవంబరులో వాన పడితే కోనసీమ చేలు రోజుల తరబడి మునిగి ఉంటాయి. ఇది ఆయన ఒక్కరి తప్పని అనను, తర్వాత వచ్చిన మా అందరిదీ.

చివరి ఇరవై ఏళ్లకు పైగా లండన్‌కు దగ్గరలోని డోర్కింగ్ అనే ఊళ్లో ఉన్నారు. అరబ్బీ భాష నేర్చుకుని 1876లో ఆ భాష నేర్పే చిన్న వాచకం వేశారు. ఇంటి దొడ్లో మట్టిని లోతుగా తవ్వి గోధుమ వేసి, మామూలు దుక్కి కంటే ఎంత ఎక్కువ పండుతుందో కొలిచి చూసేవారు. తొంభై ఏట కూడా ఈ ప్రయోగాల మీద ఉత్తరాలు రాశారంటే ఆ మనిషి తీరు మీకు అర్థమవుతుంది. 1899 జూలై 24న అక్కడే పోయారు. తొంభై ఆరేళ్లు. డోర్కింగ్ శ్మశానంలోనే సమాధి ఉంది. ఇంగ్లండ్‌లో ఉండే మన డెల్టా వాళ్లు వెళ్లి పూలు పెట్టి వస్తుంటారు.

ఇక మూడో ప్రశ్న, కుటుంబం. అన్నదమ్ముల్లో చాలామంది పేరున్నవాళ్లే. పెద్దన్నల్లో రిచర్డ్ లించ్ కాటన్ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా చేశారు. సిడ్నీ కాటన్ సైన్యంలో జనరల్, 1857 తిరుగుబాటు సమయంలో పెషావర్‌లో ఇంగ్లీషు సేనకు నాయకుడు. అక్కడ జరిగిన శిక్షలు చరిత్రలో చాలా కఠినమైనవి. ఒకే ఇంటి నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకరిని డెల్టా దేవుడిలా చూస్తుంది, ఇంకొకరి పేరు వాయవ్యంలో వేరే కారణానికి గుర్తుంటుంది. కంపెనీ పాలనంటే ఈ రెండూ కలిపే. తమ్ముడు ఫ్రెడరిక్ కూడా మద్రాస్ ఇంజనీర్స్‌లోనే పనిచేసి 1901 దాకా బతికారు.

భార్య ఎలిజబెత్ గురించి మనకు తెలిసింది తక్కువ. ధవళేశ్వరంలో కొండ మీది ఇంట్లో, వైద్యం అందని చోట, చిన్నపిల్లతో, వడదెబ్బకు పడిపోయిన భర్తతో ఆమె పడ్డ కష్టం ఏ ఇంజనీరింగ్ రిపోర్టులోనూ ఉండదు. ఒక కొడుకు కూడా ఉన్నాడు, పేరు ఆల్‌ఫ్రెడ్.

కూతురు ఎలిజబెత్ మాత్రం తండ్రిలాగే ఊరుకునే మనిషి కాదు. డోర్కింగ్‌లో తాగుడు మాన్పించడానికి కూలీల కోసం కాఫీ గది పెట్టి, ప్రార్థనలు చేయించేది. 1877లో అడ్మిరల్ జేమ్స్ హోప్‌ను పెళ్లాడి లేడీ హోప్ అయింది. పరిణామ సిద్ధాంతం చెప్పిన ఛార్లెస్ డార్విన్ అవసాన దశలో బైబిలు చదువుతూ తన సిద్ధాంతం గురించి బాధపడ్డాడని ఒక కథ ప్రపంచమంతా తిరిగింది కదా, 1915లో అమెరికా పత్రికలో ఆ కథ వచ్చింది ఈవిడ పేరుతోనే. డార్విన్ పిల్లలు అది జరగనేలేదని ఖండించారు. ఆ లేడీ హోప్ మన కాటన్ దొర కూతురని చెబితే చాలామంది నమ్మరు. తండ్రి పోయిన ఏడాదికి, 1900లో, ఆయన జీవితచరిత్ర పుస్తకంగా తెచ్చింది ఆవిడే. మనకు తెలిసిన ఇంటి సంగతులు చాలావరకు అందులోంచి వచ్చినవే. కూతురు రాసింది కాబట్టి కాటన్‌ను ఎదిరించిన వాళ్ల మాట అందులో వినబడదు. ఆ సంగతి మనసులో పెట్టుకుని చదవండి. ఆవిడ 1922లో, సిడ్నీలో కన్నుమూసింది.

పాత ఆనకట్ట స్థానంలో 1970లో మొదలుపెట్టి 1982కి కొత్త బ్యారేజీ కట్టి కాటన్ పేరు పెట్టారు. 175 గేట్లు: ధవళేశ్వరం 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. నాలుగు ముక్కలూ కాటన్ పెట్టిన చోటే. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాని మీదుగా పోయాయి. దాని కింద ఇవాళ పదిలక్షల ఎకరాలు పండుతున్నాయి.

మీరు చూడటానికి వెళ్లదలిస్తే ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియంతో ఆపేయకండి. పాత పటాలు, నమూనాలు అక్కడ చూసుకుని, అటు నుంచి పి.గన్నవరం వెళ్లి పాత అక్విడక్టు కింద నుంచి ఖానాలు చూడండి. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో వెళితే మంచిది. అప్పుడే లాకుల అడుగు రాతి పని, తలుపుల గాడులు బయటపడి కనబడతాయి. లాకు దగ్గర లస్కర్ ఉంటే ఆయన్నే అడగండి, మా ఇంజనీర్ల కంటే బాగా చెబుతాడు.